పిండి అంటిన సంచి

ఆ రోజు ఉదయం పిన్ని వేసుకున్న పథకం చాలా చిన్నది. కూతురికి తొమ్మిదింటికల్లా కడుపునిండా తిండి పెట్టాలి, ఇస్త్రీ బట్టలు అందించాలి, గొడుగు చేతికివ్వాలి, మున్సిపల్ ఆఫీసుకు సాగనంపాలి. ఆ తర్వాత సాయంత్రం దాకా కూర్చుని భయపడాలి. భయపడటానికి వేరే తీరిక చేసుకోవలసిన అవసరం ఆవిడకు ఎప్పుడూ రాలేదు గానీ, ఆ రోజు మాత్రం ప్రత్యేకంగా మిగతా పనులన్నీ ముందే ముగించుకుంది.

వీధిలో అందరూ ఆవిడను అమ్మో పిన్ని అంటారు. ఏ మాటైనా "అమ్మో" తోనే మొదలుపెడుతుంది కాబట్టి ఆ పేరు. వాన పడితే అమ్మో గోడ కూలుతుందేమో, వాన పడకపోతే అమ్మో బావి ఎండుతుందేమో. కూతురు కౌన్సిలరుగా నిలబడతానన్న రోజున అమ్మో ఓడిపోతుందేమో అనుకుంది. గెలిచిన రోజున అమ్మో గెలిచిందే అని అంతకన్నా ఎక్కువ భయపడింది. ఓడిపోయిన వాళ్లను ఎవరూ కొనరు కదా.

నిజానికి కూతురు గెలిచింది సొంత డబ్బుతో కాదు. జెండాలు ఎదురింటి దర్జీ ఊరికే కుట్టిచ్చాడు. ఇస్త్రీ అతను తన బండికి మైకు కట్టి వార్డంతా తోసుకుంటూ తిరిగాడు. టీ కొట్టు ఆవిడ ప్రచారానికి వెళ్లిన వాళ్లందరికీ ఇరవై రోజులు పైసా అడక్కుండా టీ పోసింది. పిన్ని రోజూ నిద్ర లేవగానే ఈ ముగ్గురినీ తలుచుకుని మనసులో దండం పెట్టుకునేది. దండం పెట్టుకున్న చేతులతోనే గుండెలు పట్టుకుని, "అమ్మో, ఇంత నమ్మకం మేం మోయగలమా" అనుకునేది.

ఎందుకంటే నమ్మకం బరువుతో పాటు ఆ ఇంట్లో వేరే బరువు కూడా ఉంది. కూతురు అంతకుముందు మందుల షాపులో పనిచేసేది. ఆ షాపు యజమాని, ఊరి రోడ్లన్నీ వేసే కాంట్రాక్టరుకు సొంత బావమరిది. కౌన్సిల్లో ఆ అమ్మాయి మొదటిసారి నోరు విప్పి రోడ్ల గురించి అడిగిన మర్నాడే షాపులో ఆవిడ కుర్చీ మాయమైంది. కౌన్సిలరుకు వచ్చే గౌరవ వేతనం, కష్టాలు చెప్పుకోవడానికి వచ్చేవాళ్లకు మంచినీళ్లతో పాటు ఒక చిరునవ్వు ఇవ్వడానికి సరిపోతుంది. మూడు నెలలుగా ఆ ఇల్లు బాబాయి పింఛను మీద నడుస్తోంది.

బాబాయి అంటే పిన్ని భర్త. నలభై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. ఎవరి ఉత్తరం వాళ్ల చేతికివ్వడం తప్ప, ఒకరిది ఇంకొకరికి చెప్పడం ఆయన వంశంలో లేదు. అడిగితే జవాబిస్తాడు. అడక్కపోతే ఇల్లు కాలుతున్నా అది తన పేర వచ్చిన కబురు కాదు కదా అన్నట్టు ఊరుకుంటాడు.

ఇక ఆ రోజు విషయం. పదకొండు గంటలకు కౌన్సిల్లో ఓటింగు. ఊరి రోడ్లన్నీ ఇంకో ఐదేళ్లు అదే కాంట్రాక్టరుకు అప్పగించాలా వద్దా అన్నది ప్రశ్న. ఆయన వేసిన రోడ్డు మొదటి వానను చూసేది గానీ, రెండో వాన ఆ రోడ్డును చూసేది కాదు. అయినా పదమూడు మంది కౌన్సిలర్లలో ఎనిమిది మంది ఆయన వైపే ఉన్నారని టీ కొట్టు దగ్గర ఆగిన ప్రతివాడికీ తెలుసు. ఎలా ఉన్నారో కూడా తెలుసు. కాంట్రాక్టరు గారి మేనేజరు నీలం రంగు టిఫిన్ సంచి చేత్తో పట్టుకుని ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, ఖాళీ చేతులతో బయటకు వచ్చేవాడు. మనిషి మధ్యాహ్నం భోజనం పట్టుకుని తిరుగుతుంటే ఎవరూ ఏమీ అడగరని ఆయన సిద్ధాంతం.

వారం కిందట ఆ సంచి ఈ ఇంటికీ వచ్చింది. కూతురు గుమ్మంలోనే నిలబడి, "మా ఇంట్లో వంట మేమే చేసుకుంటామండీ" అంది. మేనేజరు నొచ్చుకోలేదు. "ఆలోచించుకోండమ్మా. ఆకలి అందరికీ ఒకేసారి వెయ్యదు. మళ్లీ వస్తాను" అని వెళ్లాడు. ఆ "మళ్లీ వస్తాను" అన్న మాట పిన్ని చెవుల్లోంచి వారం రోజులుగా దిగలేదు.

ఏడున్నరకు పిన్ని గొడుగు కోసం వీధి తలుపు వెనక్కి చెయ్యి పెట్టింది. కొక్కేనికి గొడుగుతో పాటు గుడ్డ సంచి ఒకటి తగిలింది. ముందు రోజు లేదు. మూతి గట్టిగా ముడేసి ఉంది. పిన్ని ముడి విప్పి లోపలికి చూసింది. చూసి మళ్లీ ముడి వేసింది. మళ్లీ విప్పి చూసింది. నోట్లు. సంచి సగం దాకా నోట్లు. పదులు, ఇరవైలు, యాభైలు, నలిగినవీ మడత పడినవీ, కొన్ని దారంతో కట్టినవీ.

ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. "అమ్మో, చిన్న నోట్లు" అనుకుంది. పెద్ద నోట్లయితే దొరికిపోతారని చిల్లరగా మార్చి పెట్టారన్నమాట, ఎంత తెలివి. అయితే వాడు మళ్లీ వచ్చాడు. వచ్చి ఎవరి చేతికిచ్చాడు? బాబాయి ఆరింటికే నడకకు వెళ్లిపోయాడు. తన చేతికైతే ఇవ్వలేదు. ఇక ఇంట్లో మిగిలింది ఒక్కతే. ఆ ఒక్కతీ స్నానాల గదిలో కూనిరాగం తీస్తోంది. ఓటింగు రోజున ఏ కౌన్సిలరు కూనిరాగాలు తీస్తుంది?

స్నానాల గది గడియ చప్పుడైంది. పిన్ని సంచి పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తి, పిండి డబ్బా మూత తీసి, సంచిని మోచేతి దాకా లోపలికి తోసి మూత పెట్టేసింది. పిండి మొహానికి ఎగిరింది. తుడుచుకుంది.

"అమ్మా, ఇవాళ రొట్టెలు లేవా?" అంది కూతురు తల తుడుచుకుంటూ వచ్చి.

"పిండి లేదు."

"నిన్ననే కదా డబ్బా నిండా తెచ్చాం."

"పురుగు పట్టింది."

"ఒక్క రాత్రిలోనా?"

"రోజులు అలా ఉన్నాయి తల్లీ. రాత్రి అన్నం ఉంది, తిను."

కూతురు తల్లి మొహం వంక చూసి, చెవి పక్కన మిగిలిన పిండిని వేలితో తుడిచి, అన్నం ముందు కూర్చుంది. పిన్ని ఎదురుగా కూర్చుని మాటలతో అక్కడక్కడే తిరిగింది.

"పొద్దున్న ఎవరైనా వచ్చారా?"

"నేను లేచేసరికే నువ్వు లేచి ఉన్నావు. ఎవరొచ్చినా నీ కళ్లు దాటుకునే రావాలి."

"నా కళ్లకు ఈమధ్య చూపు ఆనడం లేదులే. నీకు ఏమైనా కావాలా? ఏదైనా కష్టంగా ఉందా? ఉంటే చెప్పు. పస్తులుందాం గానీ..."

"అమ్మా" అంది కూతురు చెయ్యి కడుక్కుంటూ, "ఇవాళ ఏం జరిగినా నువ్వు కంగారు పడకు."

ఆ మాటతో పిన్నికి మిగిలిన ధైర్యం కూడా పోయింది. కూతురు చెప్పింది ఓడిపోవడం గురించి. ఎనిమిదికి ఐదు, లెక్క తేలికే. కానీ పిన్ని ఆ మాటను తిరగేసి మరగేసి చూసింది. ఎటు తిప్పినా లోపల నీలం రంగు టిఫిన్ సంచే కనిపించింది.

తన వైపున్న మిగిలిన నలుగురినీ కలవాలని కూతురు తొమ్మిదింటికే బయల్దేరింది. ఆ అమ్మాయి వీధి మలుపు తిరిగే దాకా ఆగి, పిన్ని పిండి డబ్బాలోంచి సంచి పైకి తీసింది. పైన ఉన్న పిండిని దులిపింది గానీ, ముడి సందుల్లోంచి లోపలికి దిగింది ఆవిడకు కనిపించలేదు. సంచిని కూరల సంచిలో పెట్టుకుంది. కూతురు తీసుకుంటే తీసుకుంది, పదకొండు లోపల తిరిగి ఇచ్చేస్తే తీసుకోనట్టే. ఇవ్వకపోతే జెండాలు కుట్టిన చేతులకు ఏం జవాబు చెప్పాలి?

ఒంటరిగా వెళ్లడానికి ధైర్యం చాలక, దారిలో ఇస్త్రీ అతన్ని పిలిచింది.

"నాతో ఒక్కసారి పెద్దరోడ్డు దాకా రా నాయనా. నేనొక ఆఫీసులోకి వెళ్తాను. నువ్వు బయట నిలబడు. పావుగంటలో రాకపోతే లోపలికి రా."

"ఎందుకు పిన్నీ?"

"ఎందుకో అడక్కు. ఎందుకో తెలిస్తే నేనే వెళ్లను."

ఇస్త్రీ అతను ఎప్పుడూ కత్తిలాంటి మడతల బట్టలు వేసుకుంటాడు. అది అతని వ్యాపార ప్రకటన. ఆ మడతల్లో, చేతులు కట్టుకుని, కాంట్రాక్టరు ఆఫీసు కిటికీకి ఎదురుగా నిలబడి గడియారం చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఆ ఆఫీసు సిమెంటు కొట్టు మీద మేడగది. దానికో చరిత్ర ఉంది. రెండేళ్ల కిందట ఈ ఆఫీసు నుంచి డబ్బు తీసుకుంటున్న ఇంజనీరు ఒకాయనను అధికారులు వల పన్ని పట్టుకున్నారు. ఇచ్చే నోట్లకు ముందే ఏదో తెల్ల పొడి రాశారు. ఆయన నోట్లు లెక్కపెట్టగానే తలుపు తోసుకుని వచ్చి, చేతులు గాజుగ్లాసులో ముంచారు. నీళ్లు ఎర్రబడ్డాయి. ఆ ఎర్రనీళ్ల గ్లాసు ఫొటో అన్ని పేపర్లలోనూ వచ్చింది. అప్పటి నుంచి ఆ మేడమీద తెల్ల పొడి అంటే హడలు. క్యారమ్ బోర్డు అమ్మేశారు. మేనేజరు మొహానికి పౌడరు రాసుకోవడం కూడా మానేశాడు.

పిన్ని మేనేజరు బల్ల మీద సంచి పెట్టింది.

"ఇది మీది. మా ఇంట్లో వద్దు. అమ్మాయి ఏదో తెలియక... చిన్నపిల్ల. లెక్కపెట్టుకోండి, ఒక్కటీ తగ్గలేదు."

మేనేజరుకు అయోమయంగా ఉంది. తను ఆ ఇంటికి ఇచ్చింది ఏమీ లేదు. కానీ డబ్బు కనబడితే లెక్కపెట్టడం ఆయన చేతులకు అలవాటు, మెదడుతో సంబంధం లేదు. సంచి విప్పి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నలభై మూడో నోటు దగ్గర వేళ్ల వంక చూసుకున్నాడు. తెల్లగా ఉన్నాయి.

"ఇదేంటమ్మా, తెల్లగా?" అన్నాడు మెల్లగా.

పిన్ని గాభరా పడింది. వాళ్ల డబ్బు పాడుచేశానని అంటాడేమో. "ఏం లేదు బాబూ, కాస్త అంటుకుంది. చేతులు కడుక్కుంటే పోతుంది. నీళ్లు తెమ్మంటారా? గ్లాసు ఎక్కడుంది?"

మేనేజరు కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "వద్దు. నీళ్లు వద్దు."

"మొహమాటం ఎందుకు బాబూ. ఒక్కసారి ముంచితే చాలు."

ఆయన రెండు చేతులూ గాలిలోకి ఎత్తి కిటికీలోంచి బయటకు చూశాడు. మడత నలగని చొక్కావాడొకడు కిటికీ వంకే చూస్తూ, గడియారం చూసుకుంటూ, అప్పుడే ఒక అడుగు ముందుకు వేశాడు. పావుగంట అయింది మరి.

"మీతో ఎవరైనా వచ్చారా అమ్మా?"

"మావాళ్లే బాబూ. నేను బయటికి రాకపోతే లోపలికి వస్తారు" అంది పిన్ని, ఆయనకు ధైర్యంగా ఉంటుందని.

"మీరు వెళ్లండమ్మా. దయచేసి వెళ్లిపోండి" అన్నాడు మేనేజరు. ఆ మాటలో ఇంత మర్యాద ఉంటుందని ఆవిడ ఊహించలేదు. దేవుడు చల్లగా చూశాడు అనుకుంటూ మెట్లు దిగింది.

మేనేజరు ఫోనును మోచేత్తో జరిపి, ముక్కుతో నొక్కి కాంట్రాక్టరును పిలిచాడు.

"అయ్యా, ఆ మందుల షాపు అమ్మాయి తల్లి వచ్చి డబ్బు తిరిగి ఇచ్చిందండీ."

"మనం వాళ్లకు ఇవ్వలేదు కదయ్యా."

"అదేనండీ. ఇవ్వని డబ్బు తెచ్చి ఇచ్చింది. నోట్ల నిండా పౌడరు."

కాంట్రాక్టరు గొంతు తగ్గించాడు.

"ముట్టుకున్నావా?"

"లెక్కపెట్టానండీ."

"మొత్తమా?"

"నలభై మూడు దాకానండీ."

"నీ లెక్క తగలెయ్య. చేతులు కడగకు. ఎవరికీ చూపించకు. ఆఫీసుకు తాళం వెయ్యి."

"చేతులు ఎత్తి ఉంచానండీ, తాళం ఎలా వెయ్యను?"

కాంట్రాక్టరు అప్పటికే ఫోను పెట్టేసి కౌన్సిలర్లకు చెయ్యడం మొదలుపెట్టాడు. ఎనిమిది మందికీ ఎనిమిది ఫోన్లు, ఒకటే మాట. ఎవరో వల పన్నారు, నోట్లకు పొడి రాసి తిప్పుతున్నారు, మన సంచుల్లోకి కూడా ఎక్కిందేమో తెలియదు, చేతులు జాగ్రత్త. నిన్న రాత్రి మళ్లీ అందిన సంచులు ఎనిమిది మందీ లెక్కపెట్టుకున్నారు. కొందరు రెండుసార్లు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం పాతకాలం మాట. వీళ్లు అరచేతులు తడుముకున్నారు. కడిగితే ఎర్రబడతాయి, కడక్కపోతే పొడి అలాగే ఉంటుంది. ఒకాయన చేతులను సోఫాకు రుద్దాడు. ఒకాయన భార్యను పిలిచి, నా చేతులు ఎలా ఉన్నాయి అని అడిగాడు. ఆవిడ ఇరవై ఏళ్లుగా ఉన్నట్టే ఉన్నాయంది.

కౌన్సిల్ హాల్లో కూతురు ఓడిపోవడానికి సిద్ధమై కూర్చుంది. కానీ ఏదో తేడాగా ఉందని ఆవిడకు అర్థమవుతూనే ఉంది. ఎప్పుడూ ఎదురొచ్చి చేతులు కలిపే పెద్దమనుషులు ఇవాళ జేబుల్లో చేతులు పెట్టుకుని తలలు ఊపుతున్నారు. తేలు కుట్టిన దొంగల్లా ఎనిమిది మందీ ముడుచుకుని కూర్చున్నారు. బంట్రోతు రోజూలాగే ఒక్కొక్కరి ముందూ గాజుగ్లాసుతో నీళ్లు పెట్టాడు. ఎనిమిది గ్లాసులు మోచేతుల సాయంతో బల్ల చివరికి జరిగాయి. చైర్మన్ కుడిచేతికి రుమాలు చుట్టుకుని, ఎడమ మోచేత్తో గంట నొక్కాడు.

"తీర్మానానికి అనుకూలంగా ఉన్నవాళ్లు చేతులెత్తండి."

ఆ కౌన్సిల్లో ఓటంటే అరచెయ్యి నలుగురికీ కనబడేలా పైకెత్తడమే. బంట్రోతు వరసలో నడుస్తూ చేతులు లెక్కపెడతాడు. ఆ రోజు వరస చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, మళ్లీ నడిచాడు.

"ఎవరూ లేరండీ."

"వ్యతిరేకంగా ఉన్నవాళ్లు?"

ఐదు చేతులు లేచాయి. అన్నిటికన్నా ఎత్తుగా లేచిన చేతికి ఉదయం తల్లి చెవి పక్కన తుడిచిన పిండి గోటి సందులో ఇంకా కాస్త ఉంది. మిగిలిన ఎనిమిది మందీ బల్ల కింద చేతులు పెట్టుకుని, ఈ విషయంలో తాము తటస్థం అన్నారు. తీర్మానం వీగిపోయింది. తనేం చేసిందని గెలిచిందో కూతురికి అంతుబట్టలేదు.

అదే సమయానికి ఇంట్లో బాబాయి నడక ముగించుకుని, పింఛను కాగితం పని కూడా చూసుకుని వచ్చాడు. తలుపు వెనక చెయ్యి పెట్టి చూశాడు.

"ఇక్కడి సంచి ఏదే?"

పిన్ని చేతిలో చెంబు జారింది. "ఆ సంచి సంగతి మీకెలా తెలుసు?"

"నేనే తగిలించాను. పొద్దున ఆరింటికి దర్జీ ఇచ్చాడు. వీధిలో వాళ్లంతా ఇంటికి కాస్త పోగు చేశారట. అమ్మాయికి ఉద్యోగం పోయింది కదా, ఇంకోటి దొరికే దాకా మా తరఫున ఉంచండి అన్నాడు."

"మరి నాకు చెప్పలేదేమండీ?"

"నువ్వు అడగలేదు. పైగా అది నీ పేర వచ్చింది కాదు. అమ్మాయి నిద్రలో ఉంది. సాయంత్రం చేతికిద్దామనుకున్నాను."

నలభై ఏళ్లలో బాబాయి తప్పు చిరునామాకు ఒక్క ఉత్తరం కూడా ఇవ్వలేదు. ఆయన భార్య ఒక్క పూటలో వీధి మొత్తం సొమ్మును తీసుకెళ్లి, ఏ మనిషికి వ్యతిరేకంగా ఓటెయ్యమని ఆ వీధి తన కూతుర్ని పంపిందో ఆ మనిషి బల్ల మీదే పెట్టి వచ్చింది. లెక్కపెట్టుకోమని కూడా చెప్పింది.

పిన్ని పెద్దరోడ్డుకు పరుగెత్తింది. ఆఫీసుకు రెండు తాళాలు వేసి ఉన్నాయి. సిమెంటు కొట్టువాడు, ఎవరు ఎప్పుడు వస్తారో తెలియదన్నాడు. వెనక్కి నడుస్తుంటే ఆ పదులూ ఇరవైలూ ఒక్కొక్కటీ ఆవిడ కళ్లముందు తిరిగాయి. దారంతో కట్టినవి దర్జీవి. నీళ్లకు తడిసి ఆరినట్టున్నవి టీ కొట్టు ఆవిడవి. మడత చెక్కు చెదరనివి ఎవరివో చెప్పనక్కర్లేదు. భయంలో ఉన్నవాళ్లకు నోట్లు కనబడతాయి గానీ మనుషులు కనబడరు.

నేరుగా దర్జీ షాపుకు వెళ్లి, మిషను పక్కన నేలమీద కూలబడి, ఉన్నదున్నట్టు చెప్పేసింది. దర్జీ కాలు మిషను తొక్కడం ఆపింది. టీ కొట్టు ఆవిడ గ్లాసులు కడగడం మానేసి వచ్చింది. ఇస్త్రీ అతను, "అందుకా నన్ను ఎండలో నిలబెట్టింది" అన్నాడు.

"పిన్నిగారూ" అన్నాడు దర్జీ, "డబ్బు ఎంతుందో చూశారా?"

"చూళ్లేదు నాయనా. భయమేసింది."

"మూడు నెలల నుంచి మీ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతోందో మాకు తెలియదనుకున్నారా? అలాంటి ఇంట్లోకి సంచి నిండా డబ్బొస్తే, లెక్కయినా పెట్టకుండా తీసుకెళ్లి ఇచ్చేశారు. పోతే పోయింది. మా జెండా గుడ్డ వృథా కాలేదు. ఆ సంచి కుట్టింది మిగిలిన జెండా గుడ్డతోనే, చూసుకోలేదా?"

"ఏం చూస్తాను" అంది పిన్ని, ఏడుస్తూ, ఆ ఏడుపులోనే కాస్త నవ్వుతూ. "తిట్టు నాయనా, నాలుగు మాటలు తిట్టు. ఇలా మాట్లాడితే నేనెక్కడ తట్టుకోను?"

"తిట్టడానికేం, ఇంకో సంచి కుట్టాలి కదా అని ఆలోచిస్తున్నాను" అన్నాడు దర్జీ.

అప్పుడే కూతురు వచ్చింది. రోడ్ల తీర్మానం ఓడిపోయిందని, ఎందుకో మాత్రం అడగొద్దని చెప్పింది. అందరూ సంతోషించే లోపల పిన్ని ఆవిడ చెయ్యి పట్టుకుని జరిగింది చెప్పింది. దాచుకోగలిగిన ఒక్క ముక్క కూడా దాచుకోలేదు.

"అంటే నేను తీసుకున్నాననుకున్నావా అమ్మా?"

"ఒక్క క్షణం అనుకున్నాను తల్లీ."

"ఎంతసేపు ఆ క్షణం?"

"ఏడున్నర నుంచి."

కూతురు తల్లి పక్కనే నేలమీద కూర్చుని, భుజం మీద తల ఆనించింది. "ఆకలేస్తోందమ్మా. నిజంగా పిండికి పురుగు పట్టిందా?" అంది. పిన్నికి మళ్లీ ఏడుపొచ్చింది.

వీధి మొగలో కారు ఆగింది. మేనేజరు దిగాడు. రెండు చేతులకూ మోచేతుల దాకా గులాబీరంగు రబ్బరు తొడుగులు ఉన్నాయి, అంట్లు తోమేటప్పుడు వేసుకునేవి. ఆ చేతుల్లో ఒంటికి ఆమడ దూరంలో ఆకుపచ్చ గుడ్డ సంచి ఉంది. వీధిలో ఉన్నవాళ్లంతా పనులు మానేసి చూశారు. కాంట్రాక్టరు మనిషి పట్టపగలు సంచి పట్టుకుని కౌన్సిలరు వైపు నడిచి వస్తున్నాడు. "అయిపోయింది, మన అమ్మాయి కూడా" అని ఎవరో అనడం పిన్నికి వినిపించింది. ఆవిడ జీవితమంతా భయపడిన రోజు సరిగ్గా ఇదే. ఇన్నేళ్లు సాధన చేసినా, తీరా వచ్చాక "అమ్మో" అనడం కూడా మర్చిపోయింది.

"అమ్మా, మీ సంచి మీరు తీసుకోండి" అన్నాడు మేనేజరు, వీధంతా వినబడేలా. సాక్షులుంటే మంచిదని ఆయనకు చెప్పి పంపారు. "ఇది మా ఆఫీసుకు రాలేదు. నేను చూడలేదు. లెక్కపెట్టలేదు."

కూతురు చెయ్యి చాపలేదు. పిన్నీ చాపలేదు. దర్జీ షాపులోంచి లేచి వచ్చి సంచి మూతి పట్టుకుని పైకెత్తాడు.

"ఇది నాది. ఈ గుడ్డ మన జెండాది, ఈ ఎర్ర దారం నా మిషనుది. పొద్దున మీరందరూ ఇంటికి కాస్త వేసింది ఇందులోనే. కావాలంటే ఎవరి నోటు వాళ్లు వచ్చి గుర్తుపట్టుకోండి."

ఒక్కొక్కరే దగ్గరికొచ్చి సంచి మూతిలోంచి పైపైన చూశారు. గుర్తుపట్టారు. వాళ్లకు అర్థం కావడానికి కొంచెం సేపు, అర్థమయ్యాక నవ్వడానికి చాలాసేపు పట్టింది. ఆ సందట్లో మేనేజరు తొడుగులతోనే కారు తలుపు తెరుచుకుని మాయమయ్యాడు.

ఆ సాయంత్రం పిన్ని డబ్బాలోని పిండంతా జల్లించి రొట్టెలు చేసింది. దర్జీ, ఇస్త్రీ అతను, టీ కొట్టు ఆవిడ ఆ చిన్న గదిలోనే సర్దుకుని కూర్చుని తిన్నారు. హాల్లో జరిపిన గ్లాసులూ, బల్ల కింద దాచిన చేతులూ, గులాబీ తొడుగులూ, పిండి డబ్బా అన్నీ ఒకచోట పెట్టి కూతురే అసలు చిక్కుముడి విప్పింది. బాబాయి కూడా నవ్వాడు, ఎవరూ అడక్కుండానే. పిన్ని వడ్డిస్తూ ఒక్కొక్కరి వంకా చూసి మనసులో దండం పెట్టుకుంది. వీళ్లు లేకపోతే తన పిల్ల గెలిచేది కాదు. గెలిచినా నిలిచేది కాదు. చివరికి ఆ మేనేజరును కూడా తలుచుకుని, పాపం, రొట్టె తినకుండా వెళ్లాడు అనుకుంది.

తిన్నాక సంచి అధికారికంగా చేతికివ్వాలని బాబాయి కూతుర్ని నిలబెట్టాడు. ఆవిడ ముడి విప్పి బల్లమీద కుమ్మరించింది. నలిగిన పదులూ ఇరవైల మధ్యలోంచి కాగితం పట్టీ అయినా చింపని పెద్దనోట్ల కొత్త కట్ట ఒకటి జారి పడింది. అందరూ దాని వంక చూశారు. కౌన్సిలరు ఇంటికి సంచి పంపేటప్పుడు అందులో ఏమీ పెట్టకుండా ఉండటం ఆ కాంట్రాక్టరుకు చేతకాలేదు.

"ఇప్పుడేం చేద్దామే?" అన్నాడు బాబాయి.

"అమ్మో" అంది పిన్ని. కానీ ఈసారి ఆ మాటలో భయం లేదు.

మర్నాడు ఉదయం ఆ కట్టను కాగితంలో చుట్టుకుని ఆవిడ మళ్లీ కాంట్రాక్టరు ఆఫీసుకు బయల్దేరింది. ఈసారి పిండి ఆవిడే, తన చేత్తో, జల్లెడ పట్టి మరీ చల్లింది.